కొక్కెం

మాది 1998 మారుతీ 800. ఏపీ 21 నెంబరు, కార్బొరేటర్ ఇంజను, మా నాయన కొన్న బండి. 2013లో, 2018లో, 2023లో మూడుసార్లు ఆర్సీ రెన్యువల్ చేయించుకుని, రిటైరైనా సీటు వదలని హెడ్ గుమాస్తా మాదిరి ఇంకా డ్యూటీ చేస్తానే ఉంది. అమ్మేయప్పా అని చెప్పనోళ్లు మా వీధిలో లేరు.

మొన్న పొల్యూషన్ పేపరు డేటు అయిపోయింది. బీఎస్-4 అనే పొగ రూలు నుంచి వచ్చిన కొత్త బండ్లకు ఏడాదికి ఒకసారి తీస్తే చాలు, మా ముసల్దానికి మాత్రం షుగర్ టెస్టు మాదిరి ఆర్నెల్లకోసారి. పేపరు లేకుంటే 10,000 దాకా జరిమానా అని చట్టంలో ఉంది, మా బండిని తూకానికి వేసినా అంత వస్తాదో రాదో, అందుకని పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని మా కర్నూల్లోని నంద్యాల చెక్‌పోస్టు కాడ నిలబెట్టుకునే పొల్యూషన్ వ్యాను దగ్గరికి పోయినా.

వ్యాన్లో పిల్లోడు ఇరవై ఏళ్లోడు ఉంటాడు. "ఆఫ్ చేయొద్దు సార్, న్యూట్రల్లో పెట్టండి" అని, సైలెన్సర్లోకి పైపు దూర్చి, స్క్రీన్ చూసి, మళ్లీ పైపు తీసి తుడిచి దూర్చి, మళ్లీ చూసినాడు. కార్బన్ మోనాక్సైడు 6.2 శాతం. మా కాలం బండ్లకు 3 దాకా ఒప్పుకుంటారు. బీఎస్-4 బండికైతే 0.3 దాటకూడదు, అంటే ముసలిదని పదింతలు కన్సెషన్ ఇచ్చినారు, ఆ కన్సెషన్లో కూడా మాది ఫెయిలు. హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండా పొగలో పోయే పెట్రోలు, 1500 లోపల ఉండాల్సింది 2100. పిల్లోడు ఏమీ అనలేదు, ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని "మెకానిక్కు చూపించుకోండి సార్" అన్నాడంతే.

నిజం చెప్పాలంటే నెల నుంచే ఏదో తేడాగా ఉంది. మైలేజీ పడిపోయింది, బంకోడు కొలతలో కొడతాండాడని మూడు బంకులు మార్చినా. ఇంకోపక్క పొద్దున్నే ఒక్క సెల్ఫుకే అందుకుంటాంది, గేర్లో వేస్తే యాక్సిలేటర్ తొక్కకుండానే ఎద్దు ఇంటిదారి పట్టినట్టు పోతాంది, ముసలితనంలో కూడా ఎంత హుషారో అని నేనే నలుగురికీ చెప్పుకుంటి.

వన్‌టౌన్లో మాకు పాత మెకానిక్ భాయ్ ఉన్నాడు. బానెట్ ఎత్తి మూడు ప్లగ్గులూ ఊడదీస్తే మూడూ కాటుక పెట్టుకున్నట్టు ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ సంగతి చెప్పను. కార్బొరేటర్ విప్పి పెట్రోల్లో కడిగి, మిక్చర్ స్క్రూ అటు ఒక చుట్టు ఇటు అర చుట్టు తిప్పి, చెవి ఆనించి విని, "అబ్ దేఖో సాబ్" అన్నాడు. 1,850 అయింది. మళ్లీ వ్యాన్ కాడికి పోతే 5.1.

"ఇంజన్ బాగా వేడైతే తగ్గుతాది సార్, హైవే మీద ఒక రౌండ్ వేసి రండి" అన్నాడు పిల్లోడు. మరుసటిరోజు ఆదివారం, మా ఆవిడ కూడా ఎక్కింది, 44వ నెంబరు హైవే మీద తుంగభద్ర బ్రిడ్జి దాటి తెలంగాణలోకి పోయి, టోల్‌గేటు కనపడంగానే భయపడి వెనక్కి తిప్పి వచ్చినాం. ఒక సర్టిఫికెట్ కోసం వేరే రాష్ట్రం పోయొచ్చిన మొగోడు కర్నూల్లో నేనొక్కడినే అయ్యుంటా. రీడింగు 5.4. ఎక్కువైంది!

పిల్లోడికి కూడా పంతం వచ్చినట్టుంది, ఇంజన్ ఇంత గట్టిగా ఎందుకు తిరుగుతాంది అనుకుంటా వచ్చి కిటికీలోంచి తల లోపల పెట్టినాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

"అమ్మా, ఆ సంచి దేనికి తగిలించినారు?"

"కొక్కేనికి."

"అది కొక్కెం కాదమ్మా. చోక్. మా అబ్బకు ఇట్లాంటి బండే ఉండె."

చూస్తే ఏముంది, స్టీరింగ్ కింద చోక్ గుండీ మూడు వేళ్ల పొడుగు బయటికొచ్చి ఉంది, దానికి గుడ్డసంచి, సంచిలో కొబ్బరికాయ, విబూది పొట్లం, లీటరు నీళ్ల బాటిలు. నెల కింద మహానంది పోయినప్పటి సంచి. ఇంట్లోకి తీసుకుపోదాం అని నేను, ఆయన తెస్తాడులే అని ఆమె. నేను రోజూ చూస్తానే ఉన్నా, మోకాలికి తగుల్తాంటే పక్కకు నెట్టుకుని మరీ తోలినా.

చోక్ అంటే తెలియని పిల్లలకు చెప్తాండా, అది లాగితే ఇంజన్లోకి పోయే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతాది, చలికి స్టార్ట్ కాకపోతే రెండు నిమిషాలు లాగి మళ్లీ లోపలికి నెట్టాల. మా బండి మటుకు నెల రోజులుగా మంచుకొండల్లో ఉన్నా అనుకుంటాంది. ఏప్రిల్ నెలలో, కర్నూల్లో.

అక్కడి నుంచే భాయ్‌కి ఫోన్ కొట్టినా, చోక్‌కు సంచి వేలాడుతాంటే చూడలేదా భాయ్ అని. "చూసినా సాబ్, దేవుడి సామాను కదా, నూనె చేతుల్తో నేనెట్ల ముట్టుకుంటా" అన్నాడు. ఇంక తిట్టేదానికి నోరు రాలేదు.

సంచి తీసి, గుండీ లోపలికి నెట్టి, నాలుగు నిమిషాలు ఆగి పైపు పెడితే 1.3. హైడ్రోకార్బన్లు 600 లోపలికి దిగొచ్చినాయి. పిల్లోడు నెంబరు ప్లేటు ఫోటో కొట్టి పేపరు చేతికిచ్చినాడు, మా ఆవిడ ఆ సంచిలోంచే మహానంది విబూది తీసి వానికి బొట్టు పెట్టింది.

"మరి సంచి యాడ పెట్టాలండీ?" అంది బండెక్కినాక. కొబ్బరికాయను కింద, కాళ్ల దగ్గర పెట్టకూడదంట.

"యాడన్నా తగిలించు, ఆ గుండీకి మాత్రం వద్దు" అన్నా, పేపర్లో డేటు చూసుకుంటా.

తగిలించింది. చెక్‌పోస్టు నుంచి సి క్యాంపులో మా ఇంటి దాకా, మిట్ట మధ్యాహ్నం ఎండలో, మబ్బు తునక లేదు, వైపర్లు తిరుగుతానే ఉన్నాయి.