సవరణ: అమ్రాబాద్ అడవిలో చలికాలపు ఈగల ఫొటోలు

మన్ననూరు దారిలో తీసిన రెండు హోవర్ ఫ్లై (తేనెటీగలా కనిపించే, గాలిలో ఒకేచోట నిలిచి ఎగిరే ఈగ) ఫొటోల కింద "కళ్లు నెత్తిమీద కలిస్తే ఒక జాతి, ఎడంగా ఉంటే ఇంకొకటి" అని రాశాం. అది తప్పు. కళ్లు కలిసినది మగ, సందు ఉన్నది ఆడ. రెండూ ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ అనే ఒకే జాతి. కళ్లు కాదు, పొట్ట చూడాల్సింది. నారింజ రంగు మీద వెడల్పు నల్ల పట్టీ, దానికి తోడుగా మీసకట్టులాంటి సన్న గీత కనిపిస్తాయి. ప్యూపా దశలో (పురుగు ఈగగా మారే ముందు దశ) చలి తగిలితే నలుపు ఎక్కువవుతుంది. అందుకే డిసెంబరు ఫొటోలో ముదురుగా ఉందని వేరే పేరు పెట్టేయకండి.

"బూడిద వీపు మీద గీతలుంటే ఇంటి ఈగే" అన్నదీ తీసేస్తున్నాం. ఇంటి ఈగకు నాలుగు గీతలు. మూడే ఉండి, ఒళ్లు బొద్దుగా, పొట్ట మీద చదరంగం గళ్లుంటే ఫ్లెష్ ఫ్లై (మాంసపు ఈగ). ఆ గళ్లతో ఒక చిక్కుంది: వెలుతురు కోణం మారితే నల్ల గడి తెల్లగా, తెల్లది నల్లగా కనిపిస్తుంది. ఫ్లాష్ గట్టిగా కొడితే గీతలే చెరిగిపోతాయి. జాతి తేల్చాలంటే మగదాని జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడాలి కాబట్టి, ఫొటో మీద ఫ్లెష్ ఫ్లైల కుటుంబం పేరు, సార్కోఫాగిడే, అని రాసి ఊరుకోవడమే మర్యాద.

పొద్దున చలికి ఈగలు ఆకుల మీద ఎండ కాగుతూ కదలవు. నీడ పడకుండా పైనుంచి, పక్కనుంచి, ముఖానికి ఎదురుగా తలో ఫొటో తీయండి. రెక్క ఈనెలు స్పష్టంగా ఉండాలి. హోవర్ ఫ్లై రెక్క నడుమ ఏ ఈనెతోనూ సరిగా కలవని ఉత్తుత్తి ఈనె ఒకటి ఉంటుంది. తేనెటీగా కాదా అన్న అనుమానం అక్కడే తీరిపోతుంది.