నరాల కోసమే వచ్చాను

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాలు తిరిగి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మానసిక సమస్య ఉన్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా చికిత్సే అందడం లేదని తేల్చారు. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. లెక్క అక్కడే తప్పింది. ఒక్కసారి వరంగల్ వచ్చి ఉంటే వైద్యం అందని మనిషి మచ్చుకైనా దొరికేవాడు కాదు. రంది పడ్డవాడు ఒకడుంటే చాలు, ఇక్కడ వాడకట్టు వాడకట్టంతా డాక్టర్లే.

నా సంగతే చూడండి. పోయిన ఏడాది మూడు నెలలు నాకు నిద్ర లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండెల్లో బుగులు. మొదటి వైద్యం మా మేనమామ చేశాడు. "తిండికి లేదా, బట్టకు లేదా? నీకెందుకురా రంది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను కాబట్టి నాకు జబ్బు లేదని నిర్ధారణ అయింది. ఫీజు ఒక చాయ్.

తర్వాత మా వీధి ఆర్‌ఎంపీ. ఆయన దగ్గర జ్వరానికీ గ్లూకోజ్ బాటిలే, కోడలు అలిగినా గ్లూకోజ్ బాటిలే. బాటిల్ ఎక్కుతున్నంతసేపూ నా మంచం పక్కన కూర్చుని తన చిట్టీ బాకీల గురించి, మాట వినని కొడుకు గురించి చెప్పుకున్నాడు. నేను సూది గుచ్చిన చేయి కదపలేక అన్నీ విన్నాను. ఆఖరి చుక్క పడేసరికి ఆయన మొహం తేటపడింది. ఆ రోజు వైద్యం ఎవరికి జరిగిందో నాకిప్పటికీ అనుమానమే.

ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు, నేనే చిన్నబుచ్చుకున్నాను. రిపోర్టులో ఏదో ఒకటి తేలి ఉంటే చుట్టాలు కనీసం పండ్లయినా పట్టుకొచ్చేవాళ్లు.

అమ్మ కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోయింది. దీని మీద మాత్రం వెటకారం చేయను. ఆ రాత్రి గుడి దగ్గర పడుకుంటే ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నాలుగు గంటలు నిద్రపట్టింది.

2022 అక్టోబర్ 10న మొదలైన సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉండనే ఉంది. 14416కు చేస్తే రాత్రీ పగలూ, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. కానీ మనం మాట్లాడడానికి ఇంట్లో చోటుండాలి కదా? మేడ మీదికి పోయి గొంతు తగ్గించి చెప్పుకుంటున్నాను. వెనక మా ఆవిడ వచ్చి నిలబడింది. ఆమె చెవిన పడింది ఆఖరి ముక్క ఒక్కటే: "మీతో మాట్లాడితే కొంచెం హాయిగా ఉందండీ." అవతల ఉన్నది కౌన్సెలరేనని రుజువు చేసుకోవడానికి పడ్డ టెన్షన్ ముందు అసలు జబ్బే నయం.

ఆ కౌన్సెలరే సైకియాట్రిస్టును కలవమన్నారు. మా వరంగల్ సర్కారు పెద్దాసుపత్రి ఎంజీఎంలో ఆ విభాగం ఉంది. చిక్కేమిటంటే, ఎంజీఎంలో ఏ పూట చూసినా మనవాళ్లు నలుగురు తగులుతారు. ఒక్కడు చూసినా చాలు, సాయంత్రానికి నేను 'ఎర్రగడ్డ కేసు'. (హైదరాబాద్‌లో అదొక పేట. మానసిక వైద్యశాలకు చోటిచ్చిన పాపానికి తిట్టయి కూర్చుంది.) హన్మకొండలో డాక్టర్లు లేకనా, మాస్కు పెట్టుకుని, టోపీ దించుకుని కరీంనగర్ బస్సెక్కాను. ఆస్పత్రి బోర్డు మీద 'మానసిక' పక్కనే 'నరాల' అని కూడా ఉంది. వచ్చినవాళ్లందరి పరువూ ఆ రెండో మాట మీదే నిలబడి ఉంది.

పక్క కుర్చీలో ఇంకో మాస్కు, ఇంకో టోపీ. దగ్గు విని గుర్తుపట్టాను. మా ఆర్‌ఎంపీ.

"నరాల కోసమే వచ్చిన" అన్నాడు, నేను అడగకముందే.

"నేను కూడా సార్."

కాసేపాగి, "లోపల గ్లూకోజ్ ఎక్కిస్తరా?" అన్నాడు మెల్లగా.

ఎక్కించలేదు. డాక్టర్ ఇరవై నిమిషాలు అడ్డు రాకుండా విన్నాడు. మాత్రలు రాసి, గుణం కనబడడానికి రెండు మూడు వారాలు పడుతుందని, తగ్గింది కదా అని సొంతంగా ఆపొద్దని చెప్పాడు. ఇంట్లో అవి విటమిన్ గోళీలుగా చలామణి అవుతున్నాయి.

తిరుగు బస్సులో ఇద్దరం వేర్వేరు సీట్లలో, ఎవరికెవరం ఏమీ కానట్టు కూర్చున్నాం. దిగేటప్పుడు ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. మళ్లీ నెలకు ఇద్దరికీ ఒకే తారీఖు పడిందట. ఆరున్నర బస్సుకు ముందే వచ్చి, దస్తీ వేసి నాకూ సీటు ఆపుతానన్నాడు.