ఐచ్ఛికమే, కాకపోతే తప్పనిసరి

సివిల్స్‌కి ఆప్షనల్ సబ్జెక్టు ఏం తీసుకోవాలని అడిగే తమ్ముళ్లందరికీ నా సలహా ఒక్కటే: ఫిజిక్స్. కళ్లు మూసుకుని తీసుకోండి. సిలబస్ చూశాక ఎలాగూ తెరవబుద్ధి కాదు.

ముందు ఆ పేరులో గొప్పతనం గమనించండి. ఆప్షనల్ అంటే ఐచ్ఛికం, రాయకపోతే మాత్రం కుదరదు. 2013కి ముందు మెయిన్స్ రాతపరీక్షలో ఇలాంటి ఐచ్ఛికాలు రెండుండేవి, ఇప్పుడు ఒకటే, దానికి 250 మార్కుల పేపర్లు రెండు. పేపర్లో ఎనిమిది ప్రశ్నలిస్తారు, ఐదు రాస్తే చాలు, నచ్చినవి ఏరుకోవచ్చు, కాకపోతే ఒకటోదీ ఐదోదీ తప్పనిసరి. అంటే ఐచ్ఛికం తప్పనిసరి, అందులో మళ్లీ ఐచ్ఛికం, అందులోనూ తప్పనిసరి! ప్రభుత్వోద్యోగం ఎలా ఉంటుందో చేరకముందే ఇంత నిజాయితీగా చెప్పే సంస్థ, ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీ కాక, ఇంకోటుందా?

సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ తీసుకునేవాళ్లు ఓవర్‌ల్యాప్, ఓవర్‌ల్యాప్ అని కలవరిస్తుంటారు. ఒకసారి చదివింది జనరల్ స్టడీస్‌లోనూ, వ్యాసంలోనూ, చివరికి టీ కొట్టు దగ్గర వాదనలోనూ పనికొస్తుందట. బద్ధకం కాకపోతే ఏంటి? ఫిజిక్స్ వాడికి ఆ పాడలవాటు అంటదు. ష్రోడింజర్ సమీకరణం పంచాయతీరాజ్‌లో ఎక్కడా తగలదు, 73వ రాజ్యాంగ సవరణ మొత్తం వెతికాను.

పైగా స్కోరింగ్. లెక్క కరెక్టయితే మార్కులు వెయ్యక చస్తారా అంటారు సీనియర్లు. నిజమే, వేస్తారు. కాకపోతే మూడో లైన్లో ఒక్క మైనస్ గుర్తు జారిపోయిందా, పదో లైన్‌కొచ్చేసరికి మీ ఎలక్ట్రాన్ కాంతి కన్నా వేగంగా పరిగెడుతుంటుంది, దాని వెనకాలే మీ మార్కులు.

ఓదార్పు కూడా సిలబస్‌లోనే ఉంది. మైకెల్సన్, మోర్లీ అని ఇద్దరు 1887లో, కాంతిని మోసుకొస్తుందని అప్పట్లో అనుకున్న ఈథర్ కోసం ప్రయోగం పెట్టి, ఎంత వెతికినా జాడ లేదని తేల్చి చరిత్రకెక్కారు. వెతికింది దొరక్కపోవడం కూడా గొప్ప ఫలితమేనని ఆరో అటెంప్ట్ రాసొచ్చినవాడు ఇంట్లో చెప్పుకోడానికి ఇంతకన్నా గట్టి ఆధారం ఏ ఆంత్రోపాలజీలో దొరుకుతుంది?

ఇదంతా రేపు ఉద్యోగంలో ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్లుంటారు. పనికొస్తుంది. మీరు కొత్తగా వచ్చిన సబ్ కలెక్టర్ అనుకోండి, చివరి ఆయకట్టుకి నీళ్లందట్లేదని రైతులు మిమ్మల్ని కాలువ గట్టు మీదికి లాక్కెళ్లారు. మీకు మొదటి పేపర్లో పాయిజులీ సమీకరణం గుర్తొస్తుంది: గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. (అది సన్నటి గొట్టానికి, అదీ నిదానంగా పారే నీటికి. కాలువకి కాదు. కానీ ఎదురుగా ఉన్నది రైతులేగా, ఎగ్జామినర్ కాదు.) మీరు పూడిక లెక్క కడుతుంటే ఒక పెద్దాయన ఓపిగ్గా అంతా విని, "బాగా చెప్పావు బాబూ, పైన ప్రెసిడెంటు గారి చేపల చెరువుకి గట్టు అడుగున దొంగ తూము పెట్టారు, ముందది మూయించు" అంటాడు.

అప్పుడు వెలుగుతుంది మీకు, ఇది మొదటి పేపర్ ప్రశ్న కానే కాదని. రెండో పేపర్, క్వాంటమ్ మెకానిక్స్, టన్నెలింగ్: ఎలక్ట్రాన్ గోడ ఎక్కే శక్తి లేకపోయినా అవతలికి చేరిపోవడం. గట్టు ఎక్కడిదక్కడే ఉంటుంది, నీళ్లు మాత్రం అవతల తేలతాయి.