తెలుగు పుస్తకాలు ఎక్కడికీ పోలేదండీ, ఇంగ్లీషు అక్షరాల కింద మనమే పాతిపెట్టాం

మొన్న ఒక కాలేజీ లైబ్రరీకి వెళ్లి చేనేత మీద ఒక పాత తెలుగు పుస్తకం అడిగితే కౌంటర్లో కుర్రాడు కీబోర్డు నాలుగుసార్లు టకటకలాడించి "సిస్టంలో లేదు మేడం" అన్నాడు. లైబ్రరీలో లేదు అనలేదు చూడండి, సిస్టంలో లేదు అన్నాడు, పాపం వాడి దృష్టిలో రెండూ ఒకటే. ఆ పుస్తకం అక్కడ ఉందని నాకు గ్యారంటీగా తెలుసు, ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందట దాన్ని ఆ సిస్టంలోకి ఎక్కించిన చేతులు ఇవే. ఏ ఊరు, ఏ కాలేజీ అని అడక్కండి, చెప్పను.

1994 సంగతి. డిగ్రీ అయిపోయి, టైపు హయ్యర్ పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నా. చుట్టుపక్కల ఏ కాలేజీకీ లేనప్పుడు మా కాలేజీ లైబ్రరీకి కంప్యూటర్ వచ్చింది. దానికో అద్దాల గది, గదికో ఏసీ (ప్రిన్సిపాల్ గారి రూముకి కూడా లేదప్పుడు), చెప్పులు బయట విప్పి లోపలికెళ్లాలి, మొదటిరోజు మానిటర్‌కి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అందులో వేసింది సీడీఎస్ ఐసిస్ అనే సాఫ్ట్‌వేర్. యునెస్కో వాళ్లది, 1985 చివర్లో చిన్న కంప్యూటర్ల మీద నడిచేలా తెచ్చారు, లైబ్రరీలకి ఫ్రీగా ఇచ్చేవాళ్లు, మన దేశంలో నిస్సాట్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ద్వారా పంచిపెట్టారు. డబ్బుల్లేని లైబ్రరీలకి అదే దిక్కు, నిజం చెప్పాలంటే చాలా మంచి సాఫ్ట్‌వేర్ కూడా, ఎన్ని ఫీల్డులు (టైటిలు, రచయిత లాంటి గళ్లు) కావాలంటే అన్ని మనమే పెట్టుకోవచ్చు. కాకపోతే ఇన్వర్టెడ్ ఫైల్ (వెతకడానికి వాడే మాటల సూచిక) అప్‌డేట్ పెట్టి ఇంటికెళ్తే పొద్దునకి గానీ అయ్యేది కాదు, మధ్యలో కరెంటు పోయిందా మళ్లీ మొదటికి.

అన్నీ ఉన్నాయి, తెలుగు తప్ప. డాస్ కదా, ఇంగ్లీషు తప్ప చూపించని పాతకాలపు ఆపరేటింగ్ సిస్టం. అలాగని అప్పటికి కంప్యూటర్లో తెలుగు లేకా కాదు. ఇస్కీ అని భారతీయ లిపులకి స్టాండర్డ్ 1991లోనే ఖరారైంది, సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ వాళ్ల జిస్ట్ కార్డు ఒకటి కంప్యూటర్లో వేసుకుంటే డాస్‌లోనే తెలుగు కనపడేది. మా లైబ్రేరియన్ సార్ ఆ కార్డు కోసం రెండుసార్లు ఫైలు పెట్టారు, రెండుసార్లూ బడ్జెట్ లేదని వెనక్కొచ్చింది. ఏసీకి ఉంది బడ్జెట్, తెలుగుకి లేదు. "సరేలే అమ్మాయ్, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టెయ్, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ "తర్వాత" ఇంకా రాలేదు.

రికార్డుకి, అంటే ఒక పుస్తకం వివరాలు ఎక్కిస్తే, రూపాయి మాకు. ముగ్గురం కొట్టేవాళ్లం. ఇంగ్లీషు పుస్తకమైతే వెనక అట్ట చూసి కొట్టేస్తాం, బాధ లేదు. తెలుగు పుస్తకం చేతికొస్తే ఎవరి స్పెల్లింగు వాళ్లది. చరిత్ర అనే మాటే తీసుకోండి, నేను సీ హెచ్ ఏ ఆర్ ఐ టీ ఆర్ ఏ అని కొట్టేదాన్ని, నా పక్కనమ్మాయి టీ తర్వాత హెచ్ పెట్టేది, మూడో అతను చివర ఎం యూ చేర్చి చరిత్రము చేసేవాడు, ఎందుకంటే అట్ట మీద అలాగే ఉంది మరి. కంప్యూటర్‌కి అవి మూడు వేరే వేరే మాటలు, దానికి చరిత్ర తెలీదు హెచ్ తెలుసు. దీర్ఘాలు లేవు, ళ లేదు, ణ లేదు, "కల" అని కొడితే అది నిద్రలో వచ్చేదో రంగస్థలం మీదదో దేవుడికే తెలియాలి. రూపాయికి ఎంత శ్రద్ధ పెడతాం చెప్పండి, టైటిల్ పెద్దదైతే సగంలో ఆపేసేవాళ్లం. ఉపశీర్షికా? దండం.

ఇక రచయితల పేర్లు. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ట్రైనింగ్ ఇచ్చిన ఆయన ఇంగ్లీషు పేర్ల లెక్కలో చివరి మాట ముందుకి తెచ్చి కామా పెట్టమన్నాడు. దాంతో తెలుగు రచయితలంతా రావు కామా, శాస్త్రి కామా, మూర్తి కామా అయిపోయారు. జిల్లాలో ఉన్న రావులందరూ ఒక్క చోట గుట్టపడ్డారు. అంతకుముందు వాడిన కేటలాగు కార్డుల్లో ఇంటిపేరు కింద శుభ్రంగా ఉన్నవాళ్లు సిస్టంలోకి వచ్చేసరికి గోత్రం లేనివాళ్లయ్యారు.

కార్డుల బీరువా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టేకు చెక్కది, ఇత్తడి పిడులు, ఒక్కో సొరుగులో అడుగున ఊచ గుచ్చి కార్డులు. కార్డంటే ఐదంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు, దాని మీద గుండ్రటి చేతిరాతతో తెలుగులో టైటిలు. అంతకంటే విలువైనవి ఆ కార్డుల మూలల్లో ఉండేవి, "చివరి 8 పేజీలు లేవు", "2వ భాగం రిఫరెన్సు అల్మారాలో", "ఇదే పుస్తకం ఇంకో పేరుతో ఉంది, అది చూడుడు". ఎవరో పెద్దాయన ఏళ్ల తరబడి పెన్సిల్‌తో రాసుకున్నవి. వాటికి మా సిస్టంలో ఫీల్డు లేదు, పెట్టుకోవచ్చు, ఎవరూ పెట్టలేదు. పని అయిపోయిందనగానే కార్డుల వెనక తెల్లగా ఉంది కదా అని ఇష్యూ చీటీలకి వాడేశారు. సొరుగుల్లో కొన్ని అటెండర్ బాబాయ్ ఇంటికి పట్టుకెళ్లి విత్తనాలు దాచుకున్నాడు. ఆయన్ని ఏమీ అనను, ఆ బీరువాకి చివరగా పనికొచ్చే పని చెప్పింది ఆయనొక్కడే.

అమెరికాలో మాత్రం పిచ్చోళ్లా, వాళ్లూ కంప్యూటర్లు పెట్టారుగా అంటారు. పెట్టారు, కానీ పుస్తకం వివరాలు కంప్యూటర్‌కి ఎలా చెప్పాలో ముందు తేల్చుకున్నారు. వాళ్ల జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ఆవిడ 1960లలోనే మార్క్ అని ఒక పద్ధతి తయారుచేసింది, ఆవిడ లైబ్రేరియన్ కూడా కాదు, ప్రోగ్రామర్. 1971 ఆగస్టులో ఒహాయోలో ఓసీఎల్సీ అనే లైబ్రరీల ఉమ్మడి సంస్థ వాళ్లు ఆన్‌లైన్‌లో కేటలాగు కలిపి వాడుకోవడం మొదలెట్టారు, ఒక లైబ్రరీ ఒక పుస్తకం ఎక్కిస్తే మిగతా వాళ్లు అదే రికార్డు తీసుకోవచ్చు. మనం? ఒకే తెలుగు పుస్తకాన్ని పది కాలేజీల్లో పదిమంది రూపాయి అమ్మాయిలం పది స్పెల్లింగులతో కొట్టాం. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి 1962 నుంచి ఢిల్లీలో ఆఫీసుంది, అక్కణ్ణుంచి తెలుగు పుస్తకాలు కొని అమెరికా పంపేవాళ్లు, వాళ్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు కానీ ఏ తెలుగు అక్షరానికి ఏ గుర్తు అని ఒక పట్టిక పెట్టుకుని దీర్ఘాలతో సహా అందరూ దాన్నే పాటించారు. అందుకే ఒక తెలుగు పుస్తకం అసలు అచ్చయిందా లేదా అని తేల్చుకోవాలంటే నేనిప్పటికీ ముందు అమెరికా కేటలాగే వెతుకుతా.

సర్లే స్పెల్లింగే కదా అని వదిలేసేవాళ్లకి అసలు విషయం చెప్తా వినండి. స్పెల్లింగు తప్పు, కాబట్టి వెతికితే దొరకదు. దొరకదు కాబట్టి ఎవరూ తీసుకెళ్లరు. కొన్నేళ్లకి రాకుల్లో చోటు చాలదు, కొత్త పోటీపరీక్షల గైడ్లు పెట్టాలి. అప్పుడు కంప్యూటర్‌ని అడుగుతారు, ఐదేళ్లుగా ఇష్యూ కాని పుస్తకాల లిస్టు ఇవ్వమని. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కరకరలాడుతూ పేజీలకి పేజీలు కక్కుతుంది, చూస్తే సగానికి పైగా తెలుగువే. "ఎవరూ చదవట్లేదు" అని నోట్ ఫైల్ రాసి తీసిపారేస్తారు. కంప్యూటర్ చెప్పింది కదా, ఇంక ఎదురు మాట్లాడేదెవరు! పాఠకుడి టైం ఆదా చెయ్యాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి అని మన గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడు రంగనాథన్ గారు 1931లోనే రాశారు, ఆయన సూత్రాల ఫోటో ఆ లైబ్రరీ గోడకే వేలాడుతోంది, దాని కిందే తూకం వేశారు.

తమాషా ఏంటంటే పోయిన పుస్తకానికి లెక్కుంది. కేంద్ర ప్రభుత్వం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో ఏడాదికి ఇచ్చిన ప్రతి 1000 పుస్తకాలకి 5 పోతే మామూలే అనుకోవచ్చని రాసుంది. రాకులోనే ఉండి కనపడకుండా పోయిన పుస్తకానికి ఏ రూల్లోనూ లెక్క లేదు, ఆడిటర్‌కి యాక్సెషన్ నంబరు (లైబ్రరీ ప్రతి పుస్తకానికీ వేసే వరస నంబరు) కనపడితే చాలు, ఆయన సంతోషంగా టిక్కు పెట్టేసి వెళ్తాడు.

మేం చేసిన తప్పు చిన్న కాలేజీ తప్పనుకుంటే, పాత పుస్తకాలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూడండి. కంప్యూటర్ శాస్త్రవేత్త, మన రాజ్ రెడ్డి గారి లాంటి పెద్దవాళ్లు ముందుండి నడిపించిన పని, వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, దానికి చేతులెత్తి మొక్కుతా. కానీ టైటిళ్లు మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, మళ్లీ ఎవరికి తోచినట్టు వాళ్లే. తెలుగు వికీపీడియా వాళ్లు కూర్చుని ఓపిగ్గా ఆ పుస్తకాల జాబితాలు తెలుగు లిపిలో తయారు చేయాల్సొచ్చింది. జీతం లేని పని.

ఇప్పుడు సాకులేమీ లేవండి. అన్ని భాషల అక్షరాలకీ ఒకే స్టాండర్డు, యూనికోడ్ ఉంది, ఫోన్లో మా అత్తగారు తెలుగులో మెసేజులు పెడుతోంది. కోహా అని లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది, న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ ట్రస్టు తమ పాత సిస్టం 2000 దాటితే పనిచెయ్యదని రాయించుకుని ఊరికే అందరికీ ఇచ్చేసింది, అందులో తెలుగు చక్కగా పడుతుంది. మా కాలేజీ కూడా దానికే మారింది. మారి ఏం చేశారంటే, నా పాత రికార్డుల్ని యథాతథంగా ఎక్కించారు. కుండ మార్చారు, అదే పాచిపోయిన అన్నం.

సరే ఆ రోజు సంగతి. కుర్రాణ్ణి బతిమాలి లోపలికెళ్లి వెనక వరసలో కూర్చుని వెతికితే కింది అరలో దొరికింది, వెన్ను ఊడిపోయి, అట్టకి గమ్ టేపు. టైటిల్ పేజీ వెనక పెన్సిల్‌తో నాలుగంకెల నంబరు, నా రాతే. అది తెచ్చి కుర్రాడికిచ్చి ఈ నంబరు కొట్టు నాన్నా అన్నా. వచ్చింది రికార్డు. చేనేత అనే మాటలో ఇంగ్లీషు అక్షరం ఈ మొదటిది ఎగిరిపోయింది, రచయిత పేరు రావు కామా, టైటిల్ మూడో మాట సగంలో ఆగిపోయింది.

కుర్రాడు నవ్వాడు. "ఎవరు కొట్టారు మేడం ఇలా?"

"ఎవరో డైలీ వేజెస్ వాళ్లయి ఉంటార్లే" అన్నా.