'జిన్ లేన్' మద్యనిషేధం పోస్టర్ అట!

మెట్ల మీద ఒళ్ళు తెలియకుండా కూర్చున్న తల్లి, చేతుల్లోంచి తలకిందులుగా జారిపోతున్న పసిబిడ్డ. ఇంగ్లీషు చిత్రకారుడు విలియం హోగార్త్ 1751లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన ఈ 'జిన్ లేన్' బొమ్మ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. కింద రాత: "ఇది అప్పటి లండన్‌కి ఫోటో లాంటిది. మద్యం వద్దని గీశాడు. తాగుబోతు తల్లులు పిల్లల్ని ఇలాగే చంపుకొనేవారు. దీన్ని చూసే చట్టం తెచ్చారు, తాగుడు ఆగింది."

మద్యం వద్దన్నాడా? ఇది జంట బొమ్మల్లో ఒకటి. రెండోది 'బీర్ స్ట్రీట్'. అందులో కష్టజీవులంతా బీరు తాగి నిగనిగలాడుతుంటారు, తాకట్టు కొట్టు మాత్రం పాడుబడి ఉంటుంది. హోగార్త్ గొడవంతా జిన్ అనే చవక సారాతోనే. బీరుకైతే ఉచితంగా పబ్లిసిటీ చేసిపెట్టాడు. ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఆ రెండో బొమ్మ ఎందుకో కనపడదు!

ఫోటో అన్నదీ నిలవదు. వెనక కనిపించే శిఖరం నిజమైనదే, బ్లూమ్స్‌బరీలోని సెయింట్ జార్జ్ చర్చిది. సెయింట్ జైల్స్ అనే పేదల పేట కూడా నిజమే. కానీ ఉరేసుకున్న మంగలి, రంపం తాకట్టు పెడుతున్న వడ్రంగి, కుక్కతో పోటీపడి ఎముక కొరుకుతున్న మనిషి, అందరినీ ఒక్క సందులో పేర్చింది చిత్రకారుడే.

ఇక తల్లి. 1734లో జూడిత్ డ్యూఫోర్ అనే ఆమె కన్నకూతుర్ని చంపి, ఆ పాప ఒంటిమీది బట్టలు అమ్మి జిన్ తాగింది. ఘోరమే, కాదనను. అయితే ఆ ఒక్క కేసు పట్టుకుని పేద తల్లులందర్నీ బోనెక్కిస్తే ఎలా? అసలు జిన్ అంత చవగ్గా ఎందుకు దొరికింది? ఫ్రెంచి బ్రాందీని అడ్డుకుని, భూస్వాముల ధాన్యానికి గిరాకీ పెరగాలని 1690ల నుంచి సారా బట్టీలను ప్రోత్సహించింది పార్లమెంటే. బొమ్మలో ఆ భూస్వామి ఎక్కడా లేడు. తాకట్టు వ్యాపారి ఉన్నాడు, కాళ్ళ నిండా పుళ్ళతో ముక్కుపొడుం తీసుకుంటున్న తల్లి ఉంది. జిన్ కొట్టు మీద బోర్డు చూడండి: పెన్నీకి మత్తు, రెండు పెన్నీలకి ఒళ్ళు మరిచే మత్తు, పడుకోడానికి గడ్డి ఉచితం. ఆ బొమ్మ ఖరీదేమో ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. కొన్నదెవరో ఊహించుకోవచ్చు.

చట్టం మాటకొస్తే, జిన్‌ని అదుపు చేయాలని 1736లో తెచ్చిన చట్టం అప్పటికే బోర్లాపడింది. మేజిస్ట్రేటు హెన్రీ ఫీల్డింగ్ 1751 జనవరిలోనే జిన్ మీద విరుచుకుపడ్డాడు. ఫిబ్రవరిలో ఈ బొమ్మలు ఆ ఉద్యమానికి తోడయ్యాయి. అప్పటికే జిన్ వాడకం 1743 నాటి గరిష్ఠం నుంచి దిగుతోంది. పైగా 1757లో పంటలు దెబ్బతిన్నాక, తిండికే చాలక ధాన్యంతో సారా కాచడాన్ని కొన్నాళ్ళు నిషేధించారు.