అశ్వగంధ సరే, వేసుకుంటున్న మాత్రల సంగతేంటి?

అశ్వగంధ, బ్రాహ్మి, యోగాతో డిప్రెషన్ తగ్గించుకోవచ్చని మీ వ్యాసంలో రాశారు, బాగుంది. కానీ ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ల ఊసే లేదు. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా తోడికోడలు పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుని, రాత్రి పాలల్లో అశ్వగంధ చూర్ణం కలుపుకుని తాగేది. ఆయుర్వేదమే కదా, ఏం కాదులే అనేది! అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు, నిద్రమాత్రల మత్తునూ ఎక్కువ చేయవచ్చు. డిప్రెషన్‌కు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక అయితే డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రమాదమే. యోగాకు నేనేమీ అడ్డు చెప్పను, మన బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లోనే యోగా, ఆయుర్వేదం చూసే ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగం ఉంది. డాక్టరుకు చెప్పకుండా డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తేనే తంటా, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం కషాయాలు కాచుకుంటూ కూర్చోకండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.