బెర్లిన్ ఆర్టిస్టులకి కావాల్సింది గ్రాంట్ కాదు, తక్కువ అద్దె

2024 మార్చిలో బెర్లిన్ క్లబ్బుల్లో మోగే టెక్నో డాన్స్ మ్యూజిక్‌ని జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ లిస్టులో చేర్చుకుంది, అదే ఏడాది డిసెంబర్‌లో బెర్లిన్ సర్కారు తర్వాతి ఏడాది కల్చర్ బడ్జెట్‌లో దాదాపు 13 కోట్ల యూరోలు కోసేసింది. గొడవంతా ఆ కోత మీదే నడిచింది గానీ అసలు దెబ్బ ఇరవై ఏళ్ళ కిందే పడింది.

1989లో బెర్లిన్ గోడ కూలాక తూర్పు బెర్లిన్‌కి ఆర్టిస్టులు ఎందుకు ఎగబడ్డారు? నాజీలు లాక్కున్నవి, తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం తీసుకున్నవి, ఆ బిల్డింగులు ఎవరివో తేలడానికే ఏళ్ళు పట్టింది, తేలేలోపు చాలాచోట్ల అద్దె నామమాత్రం. వెర్త్‌హైమ్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద లాకర్ గదిలో 1991లో ట్రెజోర్ అనే టెక్నో క్లబ్ మొదలైంది అలాగే. తర్వాత ఆర్టిస్టుల అడ్డాగా మారిన టాఖెలెస్ అయితే కూల్చేయబోతున్న బిల్డింగ్, 1990 ఫిబ్రవరిలో ఆర్టిస్టులు లోపల దూరి ఆపేశారు. ఇందులో ఏ ఆఫీసరూ గీసిన ప్లాన్ లేదు, అద్దె లేకపోవడమే పాలసీ!

2003లో మేయర్ వోవెరైట్ బెర్లిన్ పేదదే కానీ సెక్సీ అన్నాడు, ఊరికి ఆ పేరు తెచ్చింది ఈ కుర్రాళ్ళే. మరుసటి ఏడాదే ఆయన సర్కారు జీఎస్‌డబ్ల్యూ అనే ప్రభుత్వ హౌసింగ్ కంపెనీని, అంటే దాదాపు 65 వేల ఫ్లాట్లని, అమెరికా ఫండ్లకి అమ్మేసింది. ఆ సర్కారులో భాగస్వామి ఎవరనుకున్నారు, పాత తూర్పు జర్మనీ పాలక పార్టీ వారసులే. ట్రెజోర్ 2005లో ఖాళీ చేసింది, టాఖెలెస్‌ని 2012లో ఖాళీ చేయించారు, ఇప్పుడక్కడ లగ్జరీ ఫ్లాట్లు.

అప్పుల్లో మునిగిన ఊరు, అమ్మక ఏం చేస్తుంది అంటారు. అప్పు నిజమే, కానీ లెక్క చూడండి. అప్పుడు 65 వేల ఫ్లాట్లకి వచ్చింది, కొన్నవాళ్ళు నెత్తినేసుకున్న అప్పులతో కలిపి కూడా 200 కోట్ల యూరోల లోపే. 2021లో అదే బెర్లిన్ 15 వేల లోపు ఫ్లాట్లు ప్రైవేటు కంపెనీల దగ్గర కొనడానికి 240 కోట్లకి పైగా పెట్టింది. ఇది పొదుపా?

ఎమ్మెస్‌కి అక్కడికెళ్ళిన మన పిల్లల్ని అడగండి రూమ్ కోసం ఎంత తిరిగారో. ఇల్లు దొరకని ఊళ్ళో బొమ్మలేసేవాడు మాత్రం ఎలా ఉంటాడు, స్టూడియోకి గ్రాంట్ ఇచ్చినా అది ఓనర్ జేబులోకేగా పోయేది. 2021 సెప్టెంబర్‌లో 59 శాతం మంది పెద్ద కంపెనీల ఇళ్ళు ప్రభుత్వం తీసుకోవాలని ఓటేశారు, ఆ ఓటుతో ఒక్క ఫ్లాట్ కూడా చేతులు మారలేదు. ముందు అది చేయండి, గ్రాంట్ల సంగతి తర్వాత మాట్లాడదాం.